తాడిపత్రి, బెలుం, గండికోట: కారు లేకుండా అమ్మతో కలిసి రెండు రోజుల్లో చూడగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాదు నుంచి మీరూ, అరవై దాటిన మీ అమ్మగారూ (ఆమె ఉండేది గుంటూరు దగ్గరి ఊళ్లో) డిసెంబర్‌లో ఒక శని, ఆదివారం వస్తున్నారు. సొంత కారు లేదు, అమ్మగారికి మోకాళ్ల నొప్పి. తాడిపత్రి గుళ్లు, బెలుం గుహలు, గండికోట మూడూ బస్సుల్లోనే తిరిగి చూసి, సోమవారం పొద్దునకల్లా ఇంటికి చేరగలమా? దిగాల్సింది తాడిపత్రిలోనా, గండికోట దగ్గరి జమ్మలమడుగులోనా?

చేరగలరు అమ్మా. తాడిపత్రిలో దిగండి, జమ్మలమడుగు వైపు నుంచి వెళ్లిపోండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లే ప్లాన్ వేసుకోవద్దు, దానివల్ల ఒక పూట పోతుంది. శనివారం రాత్రి బస తాడిపత్రిలో పెట్టుకోండి. అన్నీ బస్సుల్లోనే అన్న పట్టుదల మాత్రం వద్దు. ఆదివారం గండికోటకు జమ్మలమడుగులో ఆటో బాడుగకు మాట్లాడుకోండి. అమ్మగారి మోకాళ్లు సహకరించక ఏదో ఒకటి వదిలేయాల్సి వస్తే బెలుం వదలండి. తాడిపత్రి గుళ్లు మాత్రం వదలకండి.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ని. సర్వీసులో ఎక్కువ భాగం ఈ ప్రాంతపు పల్లెవెలుగు బస్సుల్లోనే గడిచింది. బయటి నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడతారో దగ్గరి నుంచి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు తిరుగు బస్సు సంగతి తేల్చుకోండి. కొత్త ఊరికి పోయేవాళ్లు అందరూ "అక్కడికి బస్సు ఎన్నింటికి" అని అడుగుతారు. అడగాల్సింది "అక్కడి నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి" అని. దీనికి ఒక కారణముంది. పల్లెలకు సాయంత్రం పోయే ఆఖరి బస్సు చాలాచోట్ల నైట్ హాల్ట్ బస్సు. అంటే డ్రైవరు, కండక్టరు ఆ ఊళ్లోనే పడుకుని, తెల్లవారాక మొదటి ట్రిప్పుగా టౌనుకు తెస్తారు. ఆ బస్సు ఊళ్లోకి పోవడం చూసి "ఇదే మళ్లీ తిరిగి వస్తుందిలే" అని రోడ్డు పక్కన నిలబడే వాళ్లను ఎంతమందిని చూశానో. ఒకసారి బెలుం దగ్గరి కొలిమిగుండ్లలో ఒక పెద్దాయన, ఆయన భార్య అలాగే నిలబడి ఉన్నారు. ఈ బండి రేపు పొద్దున్నే బయల్దేరుతుందని చెబితే ఆమె ముఖం పాలిపోయింది. నాపరాళ్ల లోడుతో తాడిపత్రి పోతున్న ఒక లారీ డ్రైవర్‌ను బతిమాలి ఎక్కించి పంపాం. ప్రతిసారీ అలా లారీ దొరకదు కదా.

కాబట్టి ఎక్కేటప్పుడే కండక్టర్‌ను సూటిగా అడగండి: "ఈ బండి నైట్ హాల్టా? దీని తర్వాత తాడిపత్రికి తిరిగి వచ్చే సర్వీసు ఉందా?" ఏ కండక్టరైనా చెబుతాడు. ఆయన చెప్పిన ఆఖరి బస్సును నమ్ముకోకుండా, దానికి ముందున్న బస్సు ఎక్కేలా చూసుకోండి. ఆఖరి బస్సుకు ఏదైనా రిపేరు వస్తే దాని వెనక ఇంకో బస్సు ఉండదు.

ఇంకో సంగతి. ఫోన్లో వెతికితే రిజర్వేషన్ ఉన్న దూరపు సర్వీసులే ఎక్కువగా కనిపిస్తాయి. పల్లెవెలుగు బస్సుకు రిజర్వేషన్ ఉండదు. ఆన్‌లైన్లో కనిపించలేదంటే బస్సు లేదని కాదు. అలా అని ఎవరో మూడేళ్ల కింద రాసిన టైమింగ్స్ నమ్మి కూడా రావద్దు. పల్లె ట్రిప్పులను ఎక్కువగా బడి, కాలేజీ పిల్లల వేళలను బట్టి వేస్తారు, అందుకే ఆదివారం కొన్ని ట్రిప్పులు తగ్గుతాయి. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం స్పెషల్స్ వేసినప్పుడు ఆ బస్సులు ఈ పల్లె రూట్ల నుంచే పోతాయి. మీరు డిసెంబర్ అంటున్నారు కాబట్టి ఆ రెండు పండుగల ఇబ్బంది లేదు. ఆదివారం ఇబ్బంది మాత్రం ఉంది. గండికోటకు ఆటో మాట్లాడుకోమన్నది అందుకే.

ఎంక్వైరీలో ఎవరిని అడగాలి? మీరు చూడాలనుకున్న మూడు చోట్లూ మూడు జిల్లాల్లో ఉన్నాయి. తాడిపత్రి అనంతపురం జిల్లా. బెలుం 2022 నుంచి నంద్యాల జిల్లా, అంతకు ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. గండికోట కడప జిల్లా. డిపోలు కూడా వేరు. గండికోట బస్సుల గురించి తాడిపత్రిలో అడిగితే సగం సమాచారమే దొరుకుతుంది. ఆ బస్సు ఏ డిపోదో ఆ డిపోలోనే అడగాలి. గండికోట ట్రిప్పులకు జమ్మలమడుగు డిపో. బెలుం వైపు అయితే తాడిపత్రి, బనగానపల్లె డిపోలు.

ఇక రాక. కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కర్నూలు, డోన్, గుత్తి మీదుగా తాడిపత్రి వస్తుంది. చిక్కు ఏంటంటే, ఇంకా తెల్లవారకముందే దించేస్తుంది. ఆ వేళ అమ్మగారితో లాడ్జి వెతుక్కుంటూ తిరగకండి. ముందే ఫోన్ చేసి గది చెప్పి ఉంచండి, "రైలు దిగి చీకట్లోనే వస్తాం, తలుపు తీయాలి" అని కూడా చెప్పండి. బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలు ఉన్నాయి. సిమెంటు, నాపరాయి వ్యాపారం మీద వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి అప్పటికప్పుడు పోతే మంచి గది దొరకడం కష్టం. "ఫ్యామిలీ, గ్రౌండ్ ఫ్లోర్ కావాలి" అని అడగండి. లిఫ్టు ఉందా లేదా తప్పకుండా అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు రోజంతా తిరిగొచ్చాక మూడో అంతస్తుకు మెట్లెక్కడం మామూలు కష్టం కాదు. గది కుదరకపోతే వెలుతురు వచ్చేదాకా స్టేషన్లోనే కూర్చోండి, తొందరేమీ లేదు.

పొద్దున టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినండి. హైదరాబాదులో దొరికేది వేరు, ఇక్కడిది వేరు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, పప్పుల పొడి వేసి తాలింపు పెడతారు. పెద్దవాళ్లకు కడుపులో తేలిగ్గా ఉంటుంది. బజ్జీ మాత్రం కారం, అమ్మగారికి ముందే చెప్పండి.

తాడిపత్రి గుళ్లకు శనివారం పొద్దుట పూట మొత్తం ఇవ్వండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. వచ్చేవాళ్లలో చాలామంది గండికోటకు పోతూ దారిలో అరగంట ఆగి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నాకు బాధగా ఉంటుంది. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి 1490 నుంచి 1509 మధ్య, విజయనగర రాజుల కింద ఈ సీమను ఏలిన పెమ్మసాని రామలింగ నాయుడి కాలంలో కట్టారు. గర్భగుడిలో లింగం అడుగున నీరు ఊరుతూ ఉంటుంది. బయట పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేని రోజుల్లో కూడా లోపల ఆ తడి ఉంటుంది, చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. గోపురాలు రెండు పూర్తి కాలేదు, పైన శిఖరాలు లేవు. అలా ఆగిపోయిన గోపురాల కింది భాగంలోనే పని అంతా ఉంది. జానెడు రాయి కూడా ఖాళీగా వదల్లేదు. అక్కడ తల పైకెత్తి చూడటం కాదు, ఒక మూల దగ్గర నిలబడి కళ్ల ఎత్తులో ఉన్న రాతిని మెల్లగా చూసుకుంటూ పోవాలి.

రెండోది ఊరి నడుమ ఉన్న చింతల వెంకటరమణ స్వామి గుడి. ఇది 16వ శతాబ్దం నడిమిది, పెమ్మసాని తిమ్మనాయుడు కట్టించింది. గరుడ మండపాన్ని రాతి రథంలా, చక్రాలతో సహా చెక్కారు. హంపి రథం ఫోటో అందరి ఇళ్లలో ఉంటుంది, ఇక్కడ రథం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. గోడల మీద రామాయణం కథలు వరసగా ఉన్నాయి. మీ అమ్మగారికి రామాయణం కంఠతా వచ్చి ఉంటుంది కదా, ఆమెను ముందు నడవనివ్వండి. ఏ శిల్పం ఏ ఘట్టమో ఆమే మీకు చెబుతారు. చదువు రాని మా అత్తగారు ఆ గోడ వెంట నడుస్తూ కథ మొత్తం చెప్పుకుంటూ పోయింది. వెనకాల వచ్చిన కాలేజీ పిల్లలు ఆగి విన్నారు.

రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లే, రెండింటిలోనూ పూజలు జరుగుతాయి. మధ్యాహ్నం తలుపులు మూస్తారు, అందుకే పొద్దున్నే అన్నాను. బస్టాండు నుంచి రెంటికీ ఆటోలో పోవచ్చు. ముందు నది ఒడ్డున ఉన్న బుగ్గ గుడికి పోయి, తర్వాత ఊళ్లోకి రండి. ఎండెక్కితే రాతి మీద చెప్పుల్లేకుండా నడవడం పెద్దవాళ్ల వల్ల కాదు.

ఆటో మాట్లాడేటప్పుడు పోవడం, అక్కడ ఆగడం, తిరిగి రావడం మూడూ కలిపి ఒకే మొత్తం చెప్పించుకోండి. "వెయిటింగ్‌తో సహా బాడుగ ఎంత?" అంటే చాలు. పోయే దానికి మాత్రమే మాట్లాడుకుని, తిరిగి వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకోవద్దు. గండికోట లాంటి చోట తిరుగు ఆటో అంత సులువుగా దొరకదు. ఇద్దరు ముగ్గురిని అడిగి చూడండి. లాడ్జి వాళ్లు పిలిపించిన ఆటో ఒక్కోసారి కాస్త ఎక్కువ అడిగినా, తెలిసిన మనిషి అన్న ధైర్యం ఉంటుంది. ఆడవాళ్లు ఇద్దరే కాబట్టి నేనైతే అదే ఎంచుకోమంటాను.

మధ్యాహ్నం భోంచేసి బెలుం. తాడిపత్రి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, కొలిమిగుండ్ల వైపు. బస్సు ఎక్కేటప్పుడు "గుహల దగ్గర ఆగుతుందా, కొలిమిగుండ్లలోనే దించుతారా" అని అడగండి. కొలిమిగుండ్లలో దించితే అక్కడి నుంచి ఆటో. ఈ రోడ్డు మీద నాపరాళ్ల లారీలు ఎక్కువ, దుమ్ము ఎక్కువ, మూతికి ఏదైనా కట్టుకోండి. గుహల్లోకి సాయంత్రం అయిదు వరకే అనుకుని ప్లాన్ చేసుకోండి.

గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982, 83లో జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపల కొలతలు తీసింది. తర్వాత టూరిజం వాళ్లు మట్టి తీసి, దారులు, లైట్లు పెట్టి 2002లో జనానికి తెరిచారు. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, నేల మీది నుంచి 46 మీటర్లు. మన ఇళ్లలో నేలకు పరిచే నాపరాయి ఉన్న ఈ సీమలోనే, సున్నపురాయిని నీళ్లు వేల ఏళ్లు కోసుకుంటూ పోతే ఏర్పడిన గుహలివి. నిజంగా చూడదగ్గవే.

అయినా అమ్మగారి విషయంలో ఆలోచించండి అంటున్నాను. దిగడానికి మెట్లున్నాయి, మళ్లీ అవే ఎక్కాలి. కొన్నిచోట్ల వంగి నడవాలి. లోపల ఉక్కపోత, డిసెంబర్‌లో కూడా చెమట పడుతుంది. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు సగం దూరం పోయాక టెన్షన్ పడి వెనక్కి వచ్చేయడం చూశాను. ఆమె వస్తానంటే తీసుకెళ్లండి, కానీ మొదటి పెద్ద హాలు దాకా చూసి, అక్కడి నుంచి ఎలా ఉందో అడిగి ముందుకు పొండి. రానంటే బలవంతం చేయకండి. ఆమెను ఒంటరిగా బయట కూర్చోబెట్టి మీరు గంటన్నర లోపల ఉండటం కూడా నాకు నచ్చదు, లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు. అలాంటప్పుడు ఆ సాయంత్రం బుగ్గ గుడికే ఇంకోసారి పొండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గోపురాల మీద శిల్పాలు పొద్దున కనిపించినట్టు ఉండవు.

స్త్రీశక్తి గురించి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. అయితే అది ఈ రాష్ట్రం వాళ్లకే. అమ్మగారు గుంటూరు దగ్గరి ఊళ్లో ఉంటారని రాశారు కదా, ఆమె ఆధార్ ఇక్కడి అడ్రసుతో ఉంటే జీరో టికెట్ ఇస్తారు. మీ ఆధార్ హైదరాబాదు అడ్రసుతో ఉంటే మీరు టికెట్ తీసుకోవాలి. ఇద్దరం ఆడవాళ్లమే కదా అని కండక్టర్‌తో వాదన పెట్టుకోవద్దు, చెకింగ్ వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయన. కార్డు బ్యాగు అడుగున కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి.

ఉచితం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది. కాబట్టి అమ్మగారిని నడి దారిలో కాకుండా బస్సు బయల్దేరే చోటే ఎక్కించండి. కాస్త నడిచైనా సరే బస్టాండుకు పొండి. వెనక టైరు మీది సీట్లు, ఆఖరి వరస వద్దు, ఒక గుంతలో పడితే నడుము పట్టేస్తుంది. ముందు వైపు ఆడవాళ్ల సీట్లలో డ్రైవర్ వెనక మూడో వరస, నాలుగో వరస కుదుపు తక్కువ.

ఆదివారం పొద్దున్నే గది ఖాళీ చేసి, సామానుతో జమ్మలమడుగు బయల్దేరండి. దారి ముద్దనూరు మీదుగా. నేరుగా పోయే బస్సు దొరక్కపోతే ముద్దనూరులో దిగి మారండి, రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. జమ్మలమడుగులో కారం దోశ తిని, ఆటో మాట్లాడుకుని గండికోట పొండి. 15 కిలోమీటర్లు. పెద్ద బ్యాగులు ఆటోలోనే ఉంచాల్సి వస్తుంది కాబట్టి బండి నంబరు ఫోటో తీసుకోండి, ఆటో అతని ఫోన్ నంబరు రాసుకోండి. మనిషి మీద అనుమానంతో కాదు, కోటలో పదిమందిలో ఆయన్ను వెతుక్కోవడానికి.

గండికోటలో అందరూ పరుగెత్తేది పెన్న లోయ అంచుకు. అక్కడికి పోవాలంటే ఆఖరి కొంత దూరం బండరాళ్ల మీద ఎక్కి దిగాలి. అంచున కడ్డీలు, గోడలు లేవు. సెల్ఫీల కోసం అంచుకు పోవద్దు, గాలి ఒక్కసారిగా విసురుతుంది. అమ్మగారిని జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి దగ్గరే ఉంచండి. అవన్నీ దాదాపు సమతలంగా నడిచి చూడగలిగేవే. మసీదు మెట్ల నీడలో కూర్చుంటే పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది, ఇక్కడ మనుషుల రాకపోకలు ఉంటాయి కాబట్టి మీరు లోయ చూసి వచ్చేదాకా భయం లేదు. రంగనాథ స్వామి గుడి వైపు రాళ్లు ఎక్కువ, కాలు జాగ్రత్త. కోట లోపల ఊరు ఉంది, మనుషులు కాపురం ఉంటున్నారు. వాళ్ల ఇళ్ల ముందు, వాళ్ల పిల్లలను అడగకుండా ఫోటోలు తీయొద్దు.

నీళ్లు జమ్మలమడుగులోనే కొనుక్కుని పొండి, ఇద్దరికీ సరిపోయేంత. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, భోజనానికి, బాత్రూమ్‌కు అదే నమ్మకం. టెంట్లలో పడుకోవడం కుర్రాళ్లకు బాగుంటుందేమో, మోకాళ్ల నొప్పితో నేల మీద పడుకుని లేవడం వద్దు.

తిరుగు ప్రయాణం. గండికోట నుంచి సాయంత్రం వెలుతురు ఉండగానే బయటపడండి. సూర్యాస్తమయం చూసి వస్తాం అంటే ఆటో అతనికి ముందే చెప్పి ఒప్పించండి, మధ్యలో మాట మార్చితే గొడవవుతుంది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దగ్గరే, దాదాపు 20 కిలోమీటర్లు. హైదరాబాదుకు రాత్రి బస్సులు ప్రొద్దుటూరు నుంచే ఎక్కువ, రిజర్వేషన్ అక్కడి నుంచే చేసుకోండి. రైలే కావాలంటే ప్రొద్దుటూరు దాటి ఎర్రగుంట్లకు పోయి అదే వెంకటాద్రి ఎక్కొచ్చు, కానీ చీకట్లో ఇంకో బస్సు మారాల్సి వస్తుంది. మీ ఇద్దరికీ నేను బస్సే చెబుతాను. ఆదివారం రాత్రి సీట్లు తొందరగా నిండుతాయి, రానుపోను టికెట్లు ఒకేసారి తీసుకోండి. కింది బెర్తు లేదా ముందు సీటు అమ్మగారి పేరు మీద పెట్టండి.

మీరు వచ్చే తేదీ, అమ్మగారు బెలుం మెట్లు దిగగలరో లేదో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి శనివారం సాయంత్రం ఎలా మార్చుకోవాలో చెబుతాను.